మూడుసార్లు తీసిన ఫోటో

రేవులో మా మామయ్య ఫోటో మూడుసార్లు తీశారు. రెండుసార్లు కెమెరాతో, మూడోసారి స్క్రూడ్రైవరుతో.

మామయ్య అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. రేవు అంటే నిజం రేవు కాదు. మాకు సముద్రం ఒక రోజు ప్రయాణం. ఊరి చివర చెత్త పోసే మైదానాన్ని చదును చేసి, పాతకాలపు ఓడరేవును ఎన్నడూ చూడనివాళ్ళు, ఎన్నడూ చూడనివాళ్ళ కోసం కట్టిన వీధి అది. రెండు వరసల దుకాణాలు, మధ్య బండరాళ్ళ బాట, మొదట్లో ఫౌంటెన్, చివర దీపస్తంభం, దాని పక్కన ఎక్కడికీ పోని ఓడ. ఓడ కింది అంతస్తులో చెప్పుల కొట్టు, పైన భోజనశాల. తాళ్ళు, పీపాలు, లంగర్లు అన్నీ ఉన్నాయి. లంగరు థర్మోకోల్‌ది కాబట్టి గాలికి ఎగిరిపోకుండా దాన్ని ఇసుకబస్తాకు కట్టారు. లంగరుకే లంగరు వేసిన రేవు మరెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు.

నేను ఆ వీధి బయట బళ్ళు నిలిపేచోట చీటీలు ఇచ్చేవాణ్ణి. చీటీకీ చీటీకీ మధ్య రెండు పేజీలు చదువుకోవచ్చన్నది తప్ప ఆ ఉద్యోగం గురించి చెప్పుకోదగ్గ సంగతి లేదు.

మామయ్యది బోర్డులు రాసే పని. మిషన్లో బోర్డులు వేయడం మొదలయ్యాక ఆయన కుంచె ఎండిపోయింది. తొమ్మిదేళ్ళు ఇళ్ళకు సున్నాలు వేశాడు. రేవు కట్టేటప్పుడు అంతా పాతగా కనబడాలన్నారు. పాతగా కనబడాలంటే చేత్తో రాసేవాడు కావాలి. పాతబడిపోయాడని లోకం పక్కన పెట్టిన మనిషిని, పాతవాడు కాబట్టే పిలిచి పనిచ్చారు. కొత్త గోడలకు వందేళ్ళ మరకలు పెట్టడం, దుకాణాల పేర్లు రాయడం, నేల మీద పసుపు రంగు పాదాలు వేయడం ఆయన పనులు. ఈ మూడోదాని వల్లే రేవులో అందరూ ఆయన్ను పాదాల మేస్త్రి అనేవారు.

పాదాలు ఎందుకంటే, వచ్చినవాళ్ళు సరదాగా ఫోటోలు దిగడానికి డిజైనరు పన్నెండు చోట్లు నిర్ణయించాడు. ఫలానా చోట నిలబడి ఫలానా వైపు చూస్తే వెనక రెక్కలు మొలిచినట్టో, తిమింగలం మింగుతున్నట్టో పడుతుంది. ఎక్కడ నిలబడాలో తెలియడానికి పాదాలు. డిజైనరు పంపిన అచ్చులు బాతు కాళ్ళలా ఉన్నాయి. మామయ్య ఇంటికెళ్ళి అట్టముక్క నేలమీద పరిచి, అత్తను దాని మీద నిలబడమన్నాడు.

"ఇప్పుడు నా కాళ్ళెందుకు?" అంది అత్త.

"మనిషి కాళ్ళలా ఉండాలట."

"ఇన్నాళ్ళకు నన్ను మనిషిని చేశారు."

అత్త ఎడమకాలి చిటికెనవేలు పక్కకు ఒరిగి ఉంటుంది. రేవులో పన్నెండు చోట్ల, ప్రతి ఎడమ పాదానికీ చిటికెనవేలు పక్కకు ఒరిగింది. "ఊరంతా నా కాళ్ళ మీద నిలబడింది, నా మొగుడు తప్ప" అని అత్త మా అమ్మతో అనేది.

వీధి తెరిచే ముందు ఒక గోడ మీద, దాన్ని కట్టినవాళ్ళ ఫోటోలు పెట్టారు. తాపీ మేస్త్రి, వడ్రంగి, ఎలక్ట్రీషియన్, ప్లాస్టిక్ తీగలు అల్లినావిడ, ఇలా నలభై ఎనిమిది మంది. ముఖం నిజం ముఖమంత ఉండేలా పెద్ద ఫ్రేములు, కింద ఇత్తడి రంగు పలక మీద పేరు, పని. ఆ పలకలన్నీ మామయ్యే రాశాడు. ఆయన జన్మలో వేల బోర్డులు రాశాడు, అన్నీ పరాయివాళ్ళ పేర్లే. తన పేరు తాను రాసుకున్న పలక అదొక్కటే. కింద "అక్షరాలు, పాదాలు" అని పనిపేరు రాసుకున్నాడు. ఫ్రేములు తగిలించాక వాటి చుట్టూ గోడకు మరకలు కూడా ఆయనే పెట్టాడు.

"మన వంశంలో గోడెక్కాలంటే ముందు పోవాలి. మీ మామ బతికుండగా ఎక్కాడు" అంది అత్త నాతో. అలా అంటూనే వాళ్ళ అక్కకు ఫోన్ చేసి అరగంట చెప్పింది.

అది మొదటిసారి తీసిన ఫోటో. మిగతా రెండింటికీ కారణం ఫౌంటెన్.

ఫౌంటెన్ గట్టు పన్నెండో చోటు, వీధి తెరిచిన తొమ్మిది నెలలకు గాని తయారు కాలేదు. అక్కడ బోర్డు కోసం డిజైనరు ఇచ్చిన కాగితంలో ముందు "ఇక్కడ" అని, తర్వాత ఒక కెమెరా బొమ్మ, తర్వాత "దిగండి" అని ఉంది. ఫోటో అన్న మాటను అక్షరాల్లో రాస్తే పాతకాలపు అందం చెడుతుందట. బొమ్మ స్టిక్కరు విడిగా వస్తుంది, దానికి చోటు వదలాలి. మామయ్య మేనేజరు దగ్గరికి వెళ్ళాడు.

"సార్, నీళ్ళ పక్కన స్టిక్కరు నిలవదు. రెండక్షరాలే కదా, నేనే రాసేస్తాను."

"మేస్త్రిగారూ, కాగితంలో ఉన్నది రాయండి. లేనిది రాయడానికి వేరే మనుషులున్నారు."

మామయ్య ఉన్నది రాశాడు. స్టిక్కరు ఇంకెవరో అంటించారు. మనిషి నీళ్ళ వైపు నిలబడి, తల వెనక్కి తిప్పి నవ్వాలన్నది డిజైనరు ఆలోచన కాబట్టి పాదాలు కూడా నీళ్ళ వైపే వేశాడు. పదో రోజుకు తుంపర్లకు నాని స్టిక్కరు ఊడిపోయింది. మిగిలింది "ఇక్కడ దిగండి" అన్న బోర్డు, దాని కింద నీళ్ళ వైపు చూస్తున్న రెండు పాదాలు.

ఆదివారం ఒక పెద్దాయన కుటుంబంతో వచ్చాడు. చూడగానే రిటైరైన హెడ్మాస్టరని తెలిసిపోయే మనిషి. బోర్డు పైకి చదివాడు. ఇంటివాళ్ళకు పాఠం చెబుతున్నట్టు ఇంకోసారి చదివాడు. చెప్పులు విప్పి గట్టు పక్కన పొందిగ్గా పెట్టి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, దిగాడు. వెనక పదిమంది దిగారు. నీళ్ళు పిక్కల లోతు.

గార్డు పరిగెత్తుకొచ్చి ఈల వేశాడు. "ఏమండీ, దిగకూడదండీ."

"బోర్డు ఉంది కదయ్యా" అన్నాడు పెద్దాయన. "రేవన్నాక దిగకుండా ఎలా?"

గార్డు బోర్డు చదివాడు. అతను కూడా ఏళ్ళ తరబడి బోర్డులకు లోబడి బతికినవాడే. ఏం చెయ్యాలో తోచక మళ్ళీ ఈల వేశాడు. పెద్దాయన ఆ ఈలను తమ వంతు అయిపోయిందనడానికి గుర్తుగా తీసుకుని, ఇంటివాళ్ళను పిలుచుకుని పైకి వచ్చాడు. గట్టు మీద చూస్తున్నవాళ్ళు దాన్ని తమ వంతు వచ్చిందనడానికి గుర్తుగా తీసుకుని దిగారు. ఇక ఈల వేసినప్పుడల్లా ఒక గుంపు ఎక్కింది, ఒక గుంపు దిగింది. కాసేపటికి గార్డుకు కూడా అలవాటైపోయి, వాచీ చూసుకుని ఈల వేయడం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం నా దగ్గరికి బళ్ళ కోసం వచ్చినవాళ్ళు పిక్కల దాకా తడిసి ఉన్నారు, నవ్వుతున్నారు. లోపలికి నవ్వుతూ వెళ్ళినవాళ్ళను రోజూ చూస్తాను. నవ్వుతూ బయటికి వచ్చినవాళ్ళను చూడటం అదే మొదలు.

ఐదింటికి ఎవరిదో మేజోడు పంపులోకి పోయింది. ఫౌంటెన్ ఒకసారి ఆవులించి ఆగిపోయింది.

మర్నాడు మేనేజరు గదిలో విచారణ.

"దిగండి అని రాసింది ఎవరు?"

"నేనే సార్. మధ్యలో మరి..."

"మధ్యలో సంగతి వదిలేయండి. దిగండి అని రాశారు, దిగారు."

స్టిక్కరు ఆలోచన చేసినవాడికీ, దాన్ని ఒప్పుకున్నవాడికీ గోడ మీద ఫోటోలు లేవు, తీయడానికి. మామయ్యకు ఉంది. ఉద్యోగం మాత్రం తీయలేదు, ఓడకు ఇంకా పేరు రాయాల్సి ఉంది. మేనేజరు గుమాస్తాకు ఫోన్ చేసి, "పాదాల మేస్త్రి ఫోటో తీయించు, ఇవాళే" అన్నాడు.

గుమాస్తా కెమెరా మనిషిని తీసుకొచ్చాడు.

సార్ మనసు కరిగిందనుకున్నాడు మామయ్య. చెప్పుల కొట్టు అద్దంలో చూసుకుని తల దువ్వుకున్నాడు, చొక్కా గుండీ పెట్టుకున్నాడు, ఓడ ముందు నిలబడి నవ్వాడు. ఆ ఫోటో నేను చూశాను. మనిషి అంత నమ్మకంగా నవ్వకూడదనిపించేలా నవ్వాడు. మర్నాడు పొద్దున మేనేజరు గోడ చూసి, "ఇంకా తీయలేదా?" అని అడిగితే, "తీశాం సార్, చాలా బాగా వచ్చింది" అన్నాడు గుమాస్తా.

అప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, స్క్రూడ్రైవరుతో మూడోసారి తీయించారు. పక్క ఫ్రేములో నవ్వుతున్నదీ ఆ ఎలక్ట్రీషియనే. మామయ్య ముఖం ఉన్నచోట ఇప్పుడు మరకల మధ్య తెల్లటి నలుచదరం, నాలుగు మూలలా నాలుగు బెజ్జాలు. ఫోటో తీయమన్నారు గాని పలక తీయమనలేదు కాబట్టి, పలక అలాగే ఉండిపోయింది. తెల్లటి ఖాళీ, కింద మామయ్య పేరు, దాని కింద "అక్షరాలు, పాదాలు".

అత్తకు చెప్పలేదు. అదే ఆయన చేసిన పొరపాటు.

ప్రతి సోమవారం మేనేజరు గదికి వెళ్ళి ఫోటో మళ్ళీ పెట్టమని అడిగేవాడు. "పోనీలే మామయ్యా, ఒక చెక్కముక్కే కదా" అన్నాను ఒకసారి.

"చెక్కముక్క కాకపోతే వాళ్ళే ఉంచేవాళ్ళు కదరా" అన్నాడు.

ఆరో సోమవారం మేనేజరే కుర్చీ చూపించాడు. రేవుకు ఏడాది నిండబోతోంది. పెద్దవాళ్ళు వస్తున్నారు. డిజైనరు పెట్టిన పన్నెండు చోట్లలో జనం వరసగా నిలబడి, పాదాల మీద పాదాలు పెట్టి, రేషన్ తీసుకున్నట్టు ఫోటోలు దిగి వెళ్ళిపోతున్నారు. ఎవరూ నవ్వడం లేదు.

"ఫౌంటెన్ దగ్గర ఆ రోజు నవ్విన నవ్వు మళ్ళీ ఎక్కడా లేదండీ" అన్నాడు మేనేజరు, అది కూడా మామయ్య తప్పే అన్నట్టు. "మీరు చెడగొట్టారు, మీరే బాగు చేయండి. పదమూడో చోటు ఒకటి కనిపెట్టండి. జనం నవ్వాలి, క్యూ కట్టాలి, తడవకూడదు. కనిపెడితే ఫోటో మళ్ళీ ఎక్కుతుంది. నా మాట."

మామయ్య జేబులో సుద్దముక్క వేసుకుని నవ్వుల కోసం తిరగడం మొదలుపెట్టాడు. ఎవరు నవ్వినా అక్కడికి వెళ్ళి, వాళ్ళ కాళ్ళ చుట్టూ గీత గీసేవాడు. కొందరు ఆగిపోయి, తామేం తప్పు చేశామని అడిగేవారు. "ఏం లేదండీ, నవ్వారు, రాసుకుంటున్నాను" అనేవాడు. దాంతో నవ్వు ఆగిపోయేది.

రెండు వారాల్లో ఆయనకు తెలిసిందేమిటంటే, నవ్వమన్నచోట జనం నవ్వరు. కరెంటు పెట్టె పక్కన నవ్వుతారు, ఎందుకంటే దాని మీద ప్రమాదం అని రాసి, పుర్రె బొమ్మకు ఎవరో కళ్ళజోడు గీశారు. భోజనశాలల వెనక సందులో వంటాయన బోర్లించిన బకెట్టు మీద కూర్చుని నిద్రపోతుంటే నవ్వుతారు. మామయ్య బకెట్టు ముందు పాదాలు వేశాడు. రెండు రోజులు బాగానే జరిగింది. మూడో రోజు వంటాయన మెలకువ వచ్చి, తన ముఖం పక్కన ముఖం పెట్టి నవ్వుతున్న పెళ్ళికూతురిని చూసి కేకపెట్టాడు.

దీపస్తంభం గోడకు ఒక తలుపు బొమ్మ వేశాడు. గొళ్ళెం, తాళం కప్ప, కింద కాళ్ళు తుడుచుకునే పట్టా. దాన్ని తోయబోయి జనం నవ్వుతారని ఆయన ఆశ. తలుపు మరీ బాగా కుదిరింది. పార్సిలు తెచ్చినతను పావుగంట తట్టి, లోపల ఎవరూ పలకడం లేదని పట్టా మీద పెట్టి సంతకం కోసం కూర్చున్నాడు. మామయ్య వెళ్ళి అది బొమ్మ అని చెబితే, "అయితే మీరైనా సంతకం పెట్టండి" అన్నాడు. మామయ్య పెట్టాడు. పార్సిల్లో డిజైనరు తెప్పించిన కెమెరా బొమ్మ స్టిక్కర్లున్నాయి.

ఏడాది పండక్కి ఎనిమిది రోజులుందనగా మామయ్య నా చీటీల గుడిసె కిటికీలోంచి తల పెట్టాడు.

"అల్లుడూ, ఆదివారం మీ అత్త వస్తోంది."

"రానీ."

"వాళ్ళక్క, మా తోడల్లుడు కూడా. నా ఫోటో చూడ్డానికి."

పుస్తకం మూసేశాను. "చెప్పేయి మామయ్యా. ఇన్నాళ్ళూ దాచిందే ఎక్కువ."

"ఏం చెప్పను? దిగండి అని రాశాను, దిగారు, అందుకని తీశారు అనా? నాకే అర్థం కాలేదురా అది."

తోడల్లుడి సంగతి తెలియాలి. ఆయన ఆఫీసులో పెద్ద హోదా. ఆయన ఫోటో ఒకసారి పేపర్లో వచ్చింది, ఒక గుంపులో నాలుగోవాడిగా. ఆ పేపరు ముక్కను లామినేషన్ చేయించి, ఇంటికొచ్చినవాళ్ళకు మంచినీళ్ళకన్నా ముందు చూపిస్తారు. మామయ్య జీవితంలో ఆయనకు చూపించదగ్గది ఈ గోడ ఒక్కటే.

ఆదివారం మూడింటికి వస్తామన్నారు. రెండున్నరకు నేను చీటీలు పక్కవాడికి అప్పగించి లోపలికి వెళ్ళేసరికి మామయ్య గోడ దగ్గర ఉన్నాడు. గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు కొంచెం వంచి, తలను సరిగ్గా ఆ తెల్లటి ఖాళీలో పెట్టుకుని నిలబడ్డాడు. పోయిన ఫోటోలో ఎలా నవ్వాడో అలాగే నవ్వుతున్నాడు. కదలడం లేదు. కళ్ళార్పడం కూడా బాగా తగ్గించాడు.

గార్డు వచ్చాడు. "ఏం మేస్త్రీ, అతుక్కుపోయావా?"

"వెళ్ళవయ్యా, మావాళ్ళు వస్తున్నారు" అన్నాడు మామయ్య పెదవులు కదపకుండా.

వాళ్ళు మూడున్నరకు వచ్చారు. గంటసేపు ఆయన మోకాళ్ళు వంచే ఉంచాడు. అత్త ముందు నడుస్తోంది. "మూడో వరసలో" అని వాళ్ళక్కకు దూరం నుంచే చెబుతోంది. "మరీ నవ్వుతున్నట్టు పడ్డారు గాని, బాగానే..." అని ఆగిపోయింది. దగ్గరికి వచ్చింది. ఫోటో చెమటలు కక్కుతోంది.

"ఇదేంటండీ?"

"ఫోటో కడగడానికి పంపారు" అన్నాడు మామయ్య, నవ్వు చెదరకుండా. "మీరొస్తున్నారు కదా, ఖాళీగా ఉంటే బాగుండదని."

అత్త పలక చూసింది, బెజ్జాలు చూసింది, నా వైపు చూసింది. నేను ఓడ వైపు చూశాను.

"కడగడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అంది.

"మరక గట్టిదట."

తోడల్లుడు ముందు ముఖం ముడుచుకుని నిలబడ్డాడు. పలక చదివాడు, పైనున్న తలను చూశాడు, మళ్ళీ పలక చదివాడు. అప్పుడు ఆయన కడుపులోంచి ఒక చప్పుడు మొదలైంది. నలభై ఏళ్ళ హోదాలో ఆయన అలా నవ్వి ఉండడు. అక్కగారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తమ్ముడూ, జరుగు, జరుగు, నేనూ ఒకటి దిగుతాను" అని ఆయన మామయ్యను చెయ్యి పట్టి లాగేసి, తన తల ఖాళీలో పెట్టి, గంభీరంగా చూశాడు. కింద మామయ్య పేరు. కింద "అక్షరాలు, పాదాలు". అత్త, నేను తప్ప అందరూ నవ్వారు.

ఐస్‌క్రీమ్ తింటూ పోతున్న ఇద్దరు అమ్మాయిలు ఆగి, "ఇది కూడా స్పాటేనా అంకుల్?" అని అడిగారు. మామయ్య జవాబు చెప్పేలోపు తోడల్లుడు, "ఆ, ఇదే అసలు స్పాట్. పేరు కూడా ఉంది చూడండి" అన్నాడు. సాయంత్రానికి ఆ క్యూ ఫౌంటెన్ దాకా వెళ్ళింది. ఏడుస్తున్న పసిపిల్లను ఎత్తి ఆ చదరంలో పెట్టారు, కింద అక్షరాలు, పాదాలు. ఒకావిడ తన కుక్కను ఎత్తి పెట్టింది. ఎలక్ట్రీషియన్ కూడా వచ్చి, తన ఫోటో పక్కన తానే దిగి, మామయ్య పేరు తగిలించుకుని వెళ్ళాడు. మామయ్యకు మోకాళ్ళు పట్టేసి ఒక పీపా మీద కూర్చున్నాడు. తన పేరు మీద ఒకరి తర్వాత ఒకరు ముఖాలు మారుతుంటే చూస్తున్నాడు.

ఆ రాత్రి ఇంట్లో అత్త ఒకే మాట అందట. "నా కాళ్ళు ముద్ర వేసుకునేటప్పుడు నన్ను అడిగారు. మీ మొహం తీసేస్తే నాకు చెప్పాలనిపించలేదా?" తర్వాత మూడు రోజులు మాట్లాడలేదు.

సోమవారం మామయ్య తల దువ్వుకుని మేనేజరు గదికి వెళ్ళాడు. ఈసారి నన్ను కూడా తోడు తీసుకెళ్ళాడు, సాక్షిగా.

"చోటు దొరికింది సార్. క్యూ కట్టారు, నవ్వారు, తడవలేదు."

"చూశాను మేస్త్రిగారూ. అద్భుతం. పెద్దవాళ్ళకు ఫోటోలు పంపాను కూడా."

"అయితే నా ఫోటో పెట్టించండి."

"తప్పకుండా. మాటంటే మాటే. ఎక్కడ పెట్టమంటారు?"

"నా చోట్లో సార్."

మేనేజరు కలం కింద పెట్టాడు. "అక్కడ పెడితే ఖాళీ పోతుంది కదండీ. ఖాళీ పోతే క్యూ పోతుంది. క్యూ పోతే పదమూడో చోటు లేనట్టే. పదమూడో చోటు లేకపోతే మీ ఫోటో పెట్టడానికి కారణమేముంది, మీరే చెప్పండి."

ఇంత శుద్ధమైన తర్కాన్ని నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. మామయ్య వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. ఎటు నుంచి లెక్కపెట్టినా చివరి వేలి మీద ఫోటో లేదు.

"ఇంకో చోట పెడదాం" అన్నాడు మేనేజరు జాలిగా. "చేతులు కడుక్కునే చోట గోడ ఖాళీగానే ఉంది. మీరు రెండోసారి దిగింది, ఆ ఓడ ముందుది, అది ఇంకా బాగుంది."

"వద్దు సార్."

"సరే, మీ ఇష్టం. ఇంకొక్కటి. ఆ పలక మీద మీ పేరెందుకు, తీసేసి 'మీ పేరు' అని రాయండి. వచ్చినవాళ్ళకు తమదే అన్నట్టుంటుంది. రేపటికల్లా కావాలి."

నాకు ఆయన తల ఊపుతాడనిపించింది. ముప్ఫై ఏళ్ళుగా కాగితంలో ఉన్నది రాసిన మనిషి.

"రాయను" అన్నాడు.

"ఏమిటండీ?"

"ముఖం తీశారు, ఊరుకున్నాను. అందులో ఎవరి తలైనా పెట్టుకోండి, కుక్క తలైనా పెట్టుకోండి. పలక తీస్తే మాత్రం రేపు పొద్దున ఒక్క పాదం ఉండదు. పన్నెండు చోట్లా చెరిపేస్తాను. అవి మా ఆవిడ కాళ్ళు. అట్ట అచ్చు మా ఇంట్లో ఉంది."

మేనేజరు నవ్వబోయాడు. కిటికీలోంచి కింద క్యూ కనబడుతోంది. ఎక్కడ నిలబడాలో తెలియక నలుగురు నాలుగు వైపులా నిలబడి, ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్నారు. అక్కడ ఇంకా పాదాలు వేయలేదు.

"సరే, ఉంచండి" అన్నాడు.

మామయ్య ఆ మధ్యాహ్నమే పాదాలు వేశాడు. పొట్టివాళ్ళ కోసం మూడు మెట్ల చెక్కబల్ల చేయించి, దాని మీదా వేశాడు. గురువారం నాటికి మాటలు మొదలుపెట్టిన అత్త అన్నం డబ్బా తెచ్చి, ఆ పాదాల పక్కన చెప్పులు విప్పి, తన కాలు పెట్టి చూసుకుంది. "వేలు ఇంకా కొంచెం వంకర" అని మాత్రం అంది. ఆయన సరిచేశాడు.

ఏడాది పండగ నాడు పెద్దవాళ్ళు వచ్చారు. వాళ్ళలో అందరికన్నా పెద్దవాడు ఖాళీలో తల పెట్టి దిగిన ఫోటో ఇప్పుడు రేవు ముఖద్వారం మీద రెండంతస్తుల ఎత్తున ఉంది. దాని కింద మా మామయ్య పేరు ఉంది. ఆ పెద్దమనిషి పేరు అదేననుకునేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు.

తర్వాత నాకు వేరే ఊళ్ళో పని దొరికింది. ఇంతకన్నా మంచిదని కాదు, ఇది కాదు కాబట్టి. వెళ్ళే ముందురోజు మామయ్యను చూడ్డానికి లోపలికి వెళ్ళాను. ఆయన పని ఇప్పుడు ఆ గోడ దగ్గరే. జనాన్ని పాదాల మీద నిలబెడతాడు, వాళ్ళ ఫోన్లు తీసుకుని ఫోటోలు తీసిపెడతాడు. చీటీలవాడు వరస తప్పితే బాగుండదని క్యూలోనే నిలబడ్డాను. నలభై నిమిషాలకు నా వంతు వచ్చింది.

ఫోన్ ఆయనకివ్వలేదు. "నువ్వు నిలబడు మామయ్యా. నేను తీస్తాను. నీది ఒక్కటి కూడా లేదు నా దగ్గర" అన్నాను.

ఆయన నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. భుజం పట్టి పాదాల మీద నిలబెట్టి, గడ్డం పట్టుకుని నా తలను ఖాళీలోకి నెట్టాడు. నాలుగు అడుగులు వెనక్కి వేసి ఫోన్లోకి చూశాడు.

"కొంచెం పైకి. పేరు కనబడాలి" అన్నాడు. "నవ్వరా. ఏడాది నుంచి చూస్తున్నాను, నువ్వొక్కడివే నవ్వలేదు. నవ్వకపోతే పోయావు గాని పక్కకు జరుగు అల్లుడూ, వెనక జనం ఉన్నారు."